విశాఖ సముద్రతీరంలో ఉదయాన్ని ఎలా గడపాలి

విశాఖపట్నానికి సెలవులకు వచ్చేవారిలో చాలామంది బీచ్‌ను సాయంత్రపు కాలక్షేపంగానే లెక్కలోకి తీసుకుంటారు. పగలంతా సింహాచలం, జంతుప్రదర్శనశాల, కైలాసగిరి అంటూ తిరిగి, అలసిపోయాక చీకటిపడే వేళకు ఆర్కే బీచ్‌కు చేరి, జనం మధ్య కాసేపు కూర్చొని, మూరీ మిక్స్చర్ తిని గదికి వెళ్లిపోతారు. అందులో తప్పేమీ లేదు గాని, వారు ఈ ఊరి సముద్రాన్ని సగమే చూసినట్లు. ఇది తూర్పు తీరం కాబట్టి ఇక్కడ సూర్యుడు నీటిమీద ఉదయించి కొండల వెనుక అస్తమిస్తాడు. వేటకు వెళ్లిన పడవలు ఒడ్డుకు చేరేదీ, చేపల వేలం జరిగేదీ, ఊరివాళ్లు నడకకు వచ్చేదీ, భీమిలి (భీమునిపట్నం) దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు నిండు రంగు వచ్చేదీ తెల్లవారుజాము నుంచి ఎనిమిదిన్నర, తొమ్మిది గంటల లోపే. ఆ తర్వాత ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోత, కాలే ఇసుక తప్ప మిగిలేది తక్కువ.

అందుచేత ఇక్కడ సూచించే పద్ధతి సులువైనదే. ఒక్కో ఉదయానికి ఒక్క దిక్కును మాత్రమే ఎంచుకోండి, చీకటి ఉండగానే బయలుదేరండి, ఎండ ముదరక ముందే తిరిగి వచ్చేయండి. కింద చెప్పినవన్నీ ఒకే రోజున పూర్తిచేయాలనుకుంటే కారులో కూర్చోవడం తప్ప మరేమీ మిగలదు.

ముందుగా వేళను స్థిరపరచుకోండి

విశాఖలో హైదరాబాదుకంటే దాదాపు 19 నిమిషాలు ముందే తెల్లవారుతుంది. రెండు నగరాలూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నా రేఖాంశంలో సుమారు 4.8 డిగ్రీల తేడా ఉంది, భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. హైదరాబాదు అలవాటుతో అలారం పెట్టుకొని వచ్చినవారు బీచ్‌కు చేరేసరికి పొద్దు పైకి వచ్చేసి ఉంటుంది. జూన్ మొదట్లో ఇక్కడ సూర్యోదయం 5:20 ప్రాంతంలో, మార్చి మూడో వారంలో ఆరు గంటల ప్రాంతంలో, జనవరి నడుమ 6:30 ప్రాంతంలో అవుతుంది. వీటిని లెక్కకు ఆధారంగా పెట్టుకొని, మీరు వచ్చే రోజు సమయాన్ని ఫోనులోని వాతావరణ యాప్‌లో సరిచూసుకోండి.

అలారం మాత్రం సూర్యోదయానికి కాకుండా దానికి కనీసం గంట ముందుకు పెట్టుకోవాలి. ఆకాశంలో రంగులు మారేది సూర్యబింబం కనిపించడానికి అరగంట ముందు నుంచే. బింబం నీటిమీదికి వచ్చాక కాసేపటికే వెలుగు తెల్లబడిపోయి, కళ్లు చికిలించుకోవలసి వస్తుంది. ఒడ్డున నిలబడవలసినది ఆ అరగంటే.

నెలను బట్టి ఆశలు కూడా సవరించుకోవాలి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు ఆకాశం తేటగా, గాలి చల్లగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వల్ల మబ్బు కమ్మి బింబమే కనపడని రోజులు చాలా ఉంటాయి, అలలు కూడా పెద్దవిగా ఉంటాయి. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ నగరం దగ్గరే తీరం దాటింది. కాబట్టి ముందురోజు రాత్రే వాతావరణ శాఖ సూచననూ, హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ విడుదల చేసే ఎత్తైన అలల హెచ్చరికలనూ చూడండి. హెచ్చరిక ఉన్న రోజున ఒడ్డున నడవవచ్చు గాని, నీటి జోలికి పోకూడదు.

రాత్రే సర్దిపెట్టుకోవలసినవి

నీళ్ల సీసా, టోపీ, చిన్న తువ్వాలు, ఒక గుడ్డసంచి, చిల్లర నోట్లు చాలు. చెప్పుల విషయంలో మాత్రం కొంచెం ఆలోచించండి. తడిసినా ఫర్వాలేని, జారని రబ్బరు అడుగున్న చెప్పులు బీచ్‌కూ చేపల రేవుకూ పనికివస్తాయి. కొండ ఎక్కే రోజున, ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లే రోజున బూట్లు వేసుకోవాలి. పిల్లలతో వచ్చినవారు ఒక జత పొడి బట్టలు వెంట ఉంచుకుంటే, తడి బట్టలతో ఏడిపిస్తూ వాళ్లను టిఫిన్ హోటలులో కూర్చోబెట్టే బాధ తప్పుతుంది. ఆటో లేదా క్యాబ్‌ను రాత్రే మాట్లాడిపెట్టుకోండి. అయిదు గంటల వేళ దొరకవని కాదు గాని, దొరికేదాకా ఎదురుచూసే పది నిమిషాలే మీరు నిద్ర మానుకొని లేచిన పది నిమిషాలు.

మొదటి ఉదయం: ఆర్కే బీచ్

తొలి ఉదయానికి ఆర్కే బీచ్‌నే ఎంచుకోండి. రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఉండడం వల్ల ఆ పేరు వచ్చిన ఈ తీరంలో, తెల్లవారుజామున బీచ్ రోడ్డులోని కొంత భాగంలో వాహనాలను ఆపివేస్తారు. రోడ్డంతా నడిచేవాళ్లదే అవుతుంది. కాళీమాత ఆలయం దగ్గర దిగి, మొదట రోడ్డును వదిలి ఇసుకలోకి వెళ్లండి. నీటికి నాలుగైదు గజాల దూరంలో తడి ఇసుక గట్టిగా ఉండేచోట నిలబడితే కాళ్లు కూరుకుపోవు, అల తాకదు.

ఇక్కడి తీరం ఉత్తర దక్షిణాలుగా కాక నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉంటుంది. అందువల్ల సముద్రానికి ఎదురుగా నిలబడితే మీ ముఖం ఆగ్నేయానికి ఉంటుంది, సూర్యుడు ఎప్పుడూ మీ ఎడమచేతి వైపే లేస్తాడు. డిసెంబరులో ఆ తేడా కొద్దిగానే ఉండి, బింబం విశాలమైన నీటిమీద స్పష్టంగా వస్తుంది. జూన్‌లో అది ఎడమకు బాగా జరిగి దాదాపు ఒడ్డు వెంబడే లేచినట్లు కనిపిస్తుంది. ఫొటో తీయాలనుకునేవారు వేసవిలో అలలు, ఇసుక, సూర్యుడు మూడూ ఒకే చట్రంలో పడేలా ఒడ్డుకు సమాంతరంగా కెమెరా తిప్పవచ్చు. చలికాలంలో ఆ అవకాశం ఉండదు. కుడివైపున దూరంగా సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ డాల్ఫిన్స్ నోస్. తొలి వెలుగు దానిమీద పడేటప్పుడు ఒక్కసారి అటు కూడా చూడండి.

వెలుగు తెల్లబడ్డాక రోడ్డెక్కి, సముద్రం మీ కుడిచేతి వైపు ఉండేలా తిరిగి వుడా పార్కు వైపు నడవండి. సుమారు రెండున్నర కిలోమీటర్ల దూరం. దారిలో 1971 యుద్ధానికి గుర్తుగా నిలిపిన విక్టరీ ఎట్ సీ స్మారకం, ఆ తర్వాత ఒడ్డుమీద నిలిపిన ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి కనిపిస్తాయి. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో విధుల నుంచి తప్పుకొని, మరుసటి ఏడాది మ్యూజియంగా మారిన ఈ జలాంతర్గామి పొడవు 91 మీటర్ల పైమాటే. ఈ వేళ లోపలికి పోనివ్వరు గాని, రద్దీ లేనప్పుడు బయటనుంచి దాని పూర్తి ఆకారాన్ని చూడడానికి ఇదే మంచి సమయం. దారి పొడవునా యోగా చేసేవారు, షటిల్ ఆడేవారు, ప్రతిరోజూ అదే గట్టుమీద కూర్చొని మాట్లాడుకునే పెద్దవారు ఉంటారు. వారిని ఏమైనా అడిగితే ఓపికగా చెబుతారు. చోడి (రాగి) అంబలి, మొలకెత్తిన గింజలు, క్యారెట్ రసం అమ్మే బండ్లు కూడా ఈ దారిలోనే ఉంటాయి. నడక మధ్యలో ఒక గ్లాసు అంబలి తాగితే టిఫిన్ వేళ దాకా నిలుస్తుంది.

జనవరి నుంచి ఏప్రిల్ వరకు వచ్చేవారికి మరొక అవకాశం ఉంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరంలో రాత్రిపూట గుడ్లు పెడతాయి. అటవీ శాఖ ఆ గుడ్లను సేకరించి ఆర్కే బీచ్, జోడుగుళ్లపాలెం వంటి చోట్ల కంచె వేసిన సంరక్షణ కేంద్రాలలో ఇసుకలో పాతిపెడుతుంది. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. వాటిని ఎక్కువగా తెల్లవారుజామున సముద్రంలోకి వదులుతారు. ఎప్పుడు వదిలేదీ ఆ కంచె దగ్గర ఉండే సిబ్బందికే తెలుస్తుంది కాబట్టి ముందురోజు సాయంత్రం వెళ్లి మర్యాదగా అడగండి. చూసే అదృష్టం కలిగితే వెనుకనే నిలబడండి, ఫ్లాష్ వాడకండి, చేతిలోకి తీసుకోకండి. అరచేతిలో సగం కూడా లేని ఆ పిల్ల ముందరి రెక్కలతో ఇసుకను తోసుకుంటూ, మనిషి అడుగు పడ్డ గుంటలో పడి, మళ్లీ పైకి పాకి, అల తగిలేదాకా తనంతట తానే వెళ్లాలి. సాయం చేస్తున్నామనుకొని ఎత్తి నీళ్లలో వేయడం దానికి మేలు కాదు.

నీళ్లలో దిగే ముందు

ఈ భాగాన్ని దయచేసి దాటవేయకండి. ఆర్కే బీచ్‌లోనూ యారాడ బీచ్‌లోనూ సెలవురోజుల్లో యువకులు మునిగిపోయిన వార్తలు ఈ ఊరివారికి కొత్త కావు. వారిలో చాలామంది ఈత రానివారు కాదు, సముద్రం తెలియనివారు. చెరువులోనో కాలువలోనో నేర్చిన ఈత ఇక్కడ ఒక్కటే సరిపోదు.

ప్రమాదం ఎక్కువగా రిప్ కరెంట్ల వల్ల వస్తుంది. అలలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీరు తిరిగి వెళ్లడానికి నీటి అడుగున ఇసుకలో లోతైన చోటు వెతుక్కొని, అక్కడినుంచి ఇరుకైన ప్రవాహంగా వేగంగా లోపలికి పోతుంది. ఆ చోట లోతు ఎక్కువ కాబట్టి అలలు విరగవు. ఒడ్డునుంచి చూసేవారికి రెండు పక్కలా తెల్లని నురగ, మధ్యలో ప్రశాంతమైన నీరు కనిపిస్తుంది. అలలు లేవు కదా అని పిల్లలను దింపడానికి సరిగ్గా ఆ చోటునే ఎంచుకుంటారు. పైగా ఆర్కే బీచ్ దగ్గర నేల తీరు ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఈ తీరం వెంబడి ఇసుక మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. పోర్టు కోసం సముద్రంలోకి కట్టిన అడ్డుగోడలు దాన్ని ఆపేయడం వల్ల ఆర్కే బీచ్ కోతకు గురవుతుంది, ఆ లోటు పూడ్చడానికి డ్రెడ్జర్లతో తవ్విన ఇసుకను మళ్లీ ఇక్కడికి పంపుతుంటారు. నిరుడు మోకాలి లోతున్న చోటు ఈ ఏడు కూడా అంతే ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకూడదు.

కాబట్టి ఇలా చేయండి. ముందు పది నిమిషాలు ఒడ్డున కూర్చొని అలలను చూడండి. నురగ గాని, మట్టిరంగు నీరు గాని ఒకే చోటునుంచి లోపలికి జారుతున్నట్లు కనిపిస్తే ఆ చోటికి దూరంగా జరగండి. మోకాలి లోతు దాటవద్దు, పిల్లల చేయి వదలవద్దు, అలకు వీపు చూపించి నిలబడవద్దు. లైఫ్‌గార్డులు ఈల వేసి పిలిస్తే వాదించకుండా వచ్చేయండి. ఒకవేళ ప్రవాహంలో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకండి, ఎంతటి ఈతగాడైనా దానితో పోటీపడి అలసిపోతాడు. వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలుపుకొని, చేయెత్తి పిలుస్తూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి చేరాక ఆ అలలతో పాటు బయటికి రండి. చిక్కుకున్నది మరొకరైతే మీరు దూకకండి. తేలే వస్తువేదైనా వారివైపు విసిరి, లైఫ్‌గార్డును పిలిచి, 112కు ఫోన్ చేయండి. తెన్నేటి పార్కు దగ్గరి రాళ్లమీద నాచు ఉంటుంది. సెల్ఫీ కోసం అక్కడికి దిగడం కూడా ఈతంత ప్రమాదకరమే.

నిజంగా స్నానం చేయాలన్న కోరిక ఉంటే ఆర్కే బీచ్‌ను వదిలి రుషికొండకు వెళ్లండి. శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన ఆ బీచ్‌లో స్నానానికి హద్దులు గుర్తించిన స్థలం, లైఫ్‌గార్డులు, బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి. సర్ఫింగ్, కయాకింగ్ నేర్పేవారు కూడా అక్కడే ఉంటారు. సాధారణంగా గాలి తక్కువగా ఉండే తొలి గంటలలోనే పాఠం పెట్టించుకోవడం మేలు.

రెండో ఉదయం: చేపల రేవు, పాత ఊరు

నా దృష్టిలో విశాఖ ఉదయాలలో అన్నిటికంటే చూడదగినది ఫిషింగ్ హార్బర్. దీనికి సూర్యోదయానికల్లా చేరాలి. ఏడున్నర దాటితే మేలైన సరుకు, సందడి రెండూ తగ్గిపోతాయి. మరపడవలు ఒక్కోసారి పది, పదిహేను రోజులు సముద్రంలోనే ఉండి వస్తాయి. ఒడ్డుకు చేరగానే అడుగునున్న గదుల నుంచి ఐసుతో సహా చేపలను గంపలతో పైకి అందిస్తారు. గంప నేలమీద బోర్లించగానే చుట్టూ కొనేవాళ్లు గుమిగూడతారు. వారిలో ఎక్కువమంది ఊళ్లోకి తీసుకెళ్లి అమ్ముకునే ఆడవాళ్లు. వేలం పాడే మనిషి గొంతు ఆగకుండా ధర పెంచుకుంటూ పోతుంది, చూస్తుండగానే పాట ముగుస్తుంది. గెలిచిన ఆమె అప్పటికే చేపలను తన డబ్బాలోకి ఎత్తుకొని పైన ఐసు చల్లుతూ ఉంటుంది. ఇదంతా వారి బతుకుతెరువు, ప్రదర్శన కాదు. దారికి అడ్డం నిలబడకండి, నెత్తిమీద బరువుతో వచ్చేవారికి ముందుగానే పక్కకు తప్పుకోండి, ముఖాలు పడేలా ఫొటో తీయాలంటే అడిగి తీయండి. 2023 నవంబరులో ఇక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో పదుల సంఖ్యలో పడవలు కాలిపోయాయి. ఆ నష్టాన్ని మోసిన కుటుంబాలవారే మీ ఎదుట పని చేస్తున్నారని గుర్తుంచుకుంటే మర్యాద దానంతట అదే వస్తుంది. పక్కనే పోర్టు, నౌకాదళ స్థావరాలు ఉన్నాయి కాబట్టి కెమెరాను చేపల వైపే ఉంచండి.

కొనాలనుకుంటే వేలంలో తలదూర్చవద్దు. అక్కడ పోగులు, గంపల లెక్కన పోతాయి. వేలంలో కొన్నవారే కాస్త పక్కన కూర్చొని విడిగా అమ్ముతారు. కోనాం అని ఇక్కడివారు పిలిచే వంజరం, చందువ, పండుగొప్ప, కానాగంతలు, నెత్తళ్లు, రొయ్యలు, పీతలు కాలాన్ని బట్టి దొరుకుతాయి. చేప కన్ను గుంటపడక తేటగా, ఉబ్బెత్తుగా ఉండాలి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడిపోవాలి. ధర రెండు మూడు చోట్ల విన్నాకే మాట్లాడండి. శుభ్రం చేసి కోసిపెట్టేవారు అక్కడే ఉంటారు, వారికి ఇచ్చే కూలి వేరు.

ఒక్క సంగతి మరవకండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, 61 రోజులపాటు వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో రేవులో పడవలన్నీ లంగరు వేసి ఉంటాయి, వలలు బాగుచేసుకోవడం తప్ప వేలం కనపడదు. మోటారు లేని సంప్రదాయ తెప్పలకు ఆ నిషేధం వర్తించదు కాబట్టి, ఆ కాలంలో వచ్చేవారు లాసన్స్ బే దగ్గరి పెద జాలారిపేట ఒడ్డుకు వెళ్లి చూడవచ్చు. మిగతా నెలల్లోనూ అది చూడదగిన చోటే. అదృష్టం ఉంటే ఒడ్డునుంచే లాగే పెద్దవల కనిపిస్తుంది. రెండు తాళ్లకూ చెరో వరుసగా మనుషులు నిలబడి, మడమలు ఇసుకలో తన్నిపెట్టి, ఒకే ఊపులో వెనక్కి వాలుతూ లాగుతారు. చివర సంచిలాంటి భాగం ఒడ్డుకు వచ్చాక ఆడవాళ్లు కూర్చొని చిన్నచేపలను రకాలవారీగా వేరు చేస్తారు.

హార్బర్ నుంచి పాత ఊరు దగ్గరే. బురుజుపేటలోని కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వెళ్లండి. పైకప్పు లేని ఆ సన్నిధిలో భక్తులు ఎవరికి వారే అమ్మవారిని తాకి పూజ చేసుకుంటారు. మార్గశిర మాసపు గురువారాలలో మాత్రం అర్ధరాత్రి నుంచే వరుస ఉంటుంది. కాసేపట్లో వచ్చేద్దామన్న ఆలోచన ఆ రోజున పెట్టుకోకండి. పోర్టు ముఖద్వారం పక్కన వరుసగా ఉన్న మూడు చిన్న కొండలమీద వేంకటేశ్వరుని గుడి, ఇషాక్ మదీనా దర్గా, రాస్ హిల్ చర్చి ఉన్నాయి. మూడింటిలో ఏదో ఒకటి ఎక్కినా చాలు, ఓడలు వచ్చిపోయే కాలువ, దానికి అవతల డాల్ఫిన్స్ నోస్ కళ్ల ముందే ఉంటాయి. ఎండ ఎక్కాక ఆ మెట్లు కష్టం, ఎనిమిదిలోపు ముగించుకోండి.

టిఫిన్

ఇడ్లీలో నెయ్యి, కారప్పొడి, పెసరట్టులో ఉప్మా, పక్కన అల్లం పచ్చడి, ఎక్కడైనా దొరికితే దిబ్బరొట్టి. బీచ్‌కు ఎదురుగా ఉన్న ఖరీదైన హోటళ్ల బఫేలకంటే ఎంవీపీ కాలనీ, సీతమ్మధార వైపు ఊరివాళ్లు నిలబడి తినే చోట్లు మేలని నా అభిప్రాయం. అట్టు పెనం మీదనుంచి నేరుగా మీ విస్తరాకులోకి వస్తుంది. తిన్నాక ఎంవీపీ కాలనీ రైతుబజారులో ఒక చుట్టు తిరగండి. పాడేరు, అరకు వైపునుంచి వచ్చే అనాస, సీతాఫలం, పసుపు కాలాన్ని బట్టి కనిపిస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో తాటిముంజలు చూసి కొనకుండా రావద్దు. గుడ్డసంచి తెచ్చుకోమన్నది ఇందుకే.

మూడో ఉదయం: భీమిలి దారి

మూడో ఉదయం ఉంటే బీచ్ రోడ్డు వెంట ఈశాన్యంగా భీమునిపట్నం దాకా వెళ్లండి. నగరం నుంచి సుమారు 25 కిలోమీటర్లు. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి సిటీ బస్సులున్నా, సూర్యోదయానికి దిబ్బల దగ్గర ఉండాలంటే సొంత వాహనమో, మాట్లాడుకున్న ఆటోనో తప్పదు. దారిలో ఎక్కడా ఆగకుండా మొదట ఎర్రమట్టి దిబ్బలకే చేరండి, మిగతావి తిరుగు ప్రయాణంలో చూడవచ్చు.

వేల ఏళ్లుగా గాలి, నీరు, సముద్రమట్టపు మార్పులు కలిసి పేర్చిన ఇసుక, ఇనుము తుప్పుతో ఎర్రబడి, ఆపై వాన కోతకు చీలి లోయలుగా మారిన ప్రదేశమిది. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది, 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోనూ చేరింది. వాలు వెలుగు పడేటప్పుడు ఒక గోడ నిప్పురంగులో, ఎదుటి గోడ ముదురు ఊదా నీడలో ఉంటాయి. పది గంటలకు వచ్చి చూస్తే రెండూ ఒకే పాలిపోయిన రంగులో కనిపిస్తాయి. లోయ అడుగున ఇప్పటికే నడిచిన బాటలోనే వెళ్లండి. ఈ గోడలు రాయి కావు, చేతితో గీరితే రాలిపోయే ఇసుక. ఎక్కిన ప్రతి అడుగూ కొంత కూల్చుతుంది, ఎక్కినవారికీ అంచు జారిపోయే ప్రమాదం ఉంది. వాన పడిన మర్నాడు లోపలికి వెళ్లకపోవడమే మంచిది. లోయలన్నీ ఒకేలా ఉండి దారి తప్పడం తేలిక కాబట్టి, ప్రవేశించిన చోటును ఫోను మ్యాపులో గుర్తుపెట్టుకోండి.

అక్కడినుంచి భీమిలి కొద్ది దూరమే. బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తనీ నది సముద్రంలో కలిసేది ఇక్కడే. 17వ శతాబ్దంలో వ్యాపారానికి వచ్చిన డచ్చివారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. దేశంలోని పాత మున్సిపాలిటీలలో ఒకటైన ఈ ఊరు 1861లోనే ఆ హోదా పొందింది. ఓపిక ఉన్నవారు బౌద్ధ శిథిలాలున్న పావురాళ్లకొండ ఎక్కవచ్చు. తిరుగు దారిలో మంగమారిపేట దగ్గర సహజ శిలాతోరణం ఉంది. అది పాటు వేళ, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడే దగ్గరినుంచి బాగా కనిపిస్తుంది. ఆటుపోట్ల వేళలు రోజుకు దాదాపు 50 నిమిషాలు జరుగుతుంటాయి కాబట్టి ఆ రోజు పట్టిక చూసుకొని ఆగండి. ఆపై తొట్లకొండ బౌద్ధక్షేత్రం. 1976లో నౌకాదళం సర్వే చేస్తున్నప్పుడు బయటపడి, 1988 నుంచి 1992 దాకా తవ్వకాలు జరిగిన చోటు. ఇది టికెట్టు వేళలున్న స్థలం కాబట్టి చివరికి పెట్టుకోవడం నయం.

ఉదయానికి పెట్టుకోకూడనివి

కురుసుర మ్యూజియం సాధారణంగా మధ్యాహ్నం రెండు తర్వాత తెరుస్తారు, సోమవారం సెలవు, ఆదివారం మాత్రం పొద్దున పది నుంచే చూడవచ్చు. డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్‌కు కూడా సందర్శకులను మధ్యాహ్నమే అనుమతిస్తారు. కైలాసగిరి రోప్‌వే, బొమ్మరైలు తెల్లవారుజామున నడవవు. ఉదయం అక్కడికి వెళ్లాలనుకుంటే అప్పూఘర్ వైపునుంచి మెట్లమీదుగా నడిచి ఎక్కండి, పైనుంచి తీరం వంపు మొత్తం కనిపిస్తుంది. అరకు వెళ్లే కిరండూల్ రైలు ఏడు గంటలకు ముందే బయలుదేరుతుంది కాబట్టి, ఆ రోజున బీచ్‌ను పూర్తిగా వదులుకోవాలి. రెండూ అందుకోవాలని చూసినవారు స్టేషనుకు పరుగెత్తడంలోనే సూర్యోదయాన్ని పోగొట్టుకుంటారు.

రెండు ఉదయాలే ఉంటే ఆర్కే బీచ్, చేపల రేవు చాలు, భీమిలిని వదిలేయండి. రుషికొండ వైపు బస చేసినవారు మాత్రం ఆర్కే బీచ్‌కు బదులు భీమిలి దారిని మొదటి ఉదయానికి పెట్టుకోవడం దగ్గర. మీ ప్రయాణంలో ఆదివారం ఉంటే ఆర్కే బీచ్ నడకను ఆ రోజుకు పెట్టండి. నడక, టిఫిన్ అయ్యాక పది గంటలకు జలాంతర్గామి లోపలికి కూడా వెళ్లి రావచ్చు. ఊరికి చేపలు పట్టుకెళ్లాలనుకునేవారు రేవును చివరి ఉదయానికి ఉంచుకోండి. కోసిన ముక్కలను ఐసుతో థర్మోకోల్ పెట్టెలో సర్ది, నీరు కారకుండా గట్టిగా టేపు వేయించండి. విమానంలో వెళ్లేవారు ఆ పెట్టెను అనుమతిస్తారో లేదో ముందురోజే తమ విమాన సంస్థను అడిగి తెలుసుకోవాలి.